మొహం మాడ్చుకున్నావా, మాడిపోయిందా?

"ఎందుకే ఆ మొహం అలా మాడ్చుకుని కూర్చున్నావ్?" అన్నాను మా అమ్మాయితో. ఆటలో జట్టులోంచి తీసేశారని తర్వాత తెలిసింది. ఆ క్షణానికి నాకు కనిపించింది మొహం ఒక్కటే. అది తలెత్తకుండానే, "నేనేం మాడ్చుకోలేదు. అదే మాడిపోయింది" అంది.

ముందు నవ్వొచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల మనకి వ్యాకరణం దిద్దితే నవ్వు రాదూ! రాత్రి పడుకున్నాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు. ఏమైందని ఆరా తీస్తున్నానని నేననుకున్నాను. నా నోట్లోంచి వచ్చింది మాత్రం అచ్చంగా నేరారోపణ. తప్పు తనది కాదని అది ఒక్క క్రియాపదంతో తేల్చేసింది.

ముఖం మీది జాతీయాలకి అర్థాలు చెప్పమంటే ఇన్నాళ్లూ నేను కూడా అందరిలాగే గడగడా అప్పజెప్పేదాన్ని. మూతి ముడుచుకోవడం అంటే అలక. మొహం చిట్లించడం అంటే విసుగు. పెదవి విరవడం అంటే తీసిపారేయడం. కళ్ళెర్రజేయడం కోపం, ముక్కున వేలేసుకోవడం ఆశ్చర్యం. ఈ పట్టిక తప్పని ఇప్పుడూ అనను. కానీ అది సగం అర్థమే. ఆ ముఖాన్ని చూసినవాళ్లు దాని సొంతదారు మీద ఇచ్చిన తీర్పు మిగతా సగం. ఈ మాటలన్నీ చూసేవాళ్ల పక్షాన పుట్టినవి. చూడబడేవాళ్లకి అందులో వాటా లేదు. ఎప్పుడో మా అమ్మాయిలాంటిది ఒకత్తి ఎదురుతిరిగితే తప్ప.

ఒక్క ముఖం తీసుకుందాం. ఎవరో ఏదో అన్నారు, వినగానే ఒకాయన ముఖంలో కళ తగ్గింది. "పాపం, మొహం చిన్నబోయింది" అన్నామంటే మనం ఆయన వైపు ఉన్నాం. "చిన్నబుచ్చుకున్నాడు" అన్నామంటే కాస్త దూరం జరిగాం. "అంత మాటకే చిన్నబుచ్చుకుంటే ఎలా?" అని అడగొచ్చు గానీ, "అంత మాటకే మొహం చిన్నబోతే ఎలా?" అని అడిగేవాళ్లు తక్కువ. ఇక "నలుగురిలో ఆయన్ని చిన్నబుచ్చారు" అంటే నేరం పూర్తిగా ఎదుటివాళ్ల మీదికి పోయింది. అదే మనిషి, అవే కండరాలు, అదే రెండు సెకన్ల కవళిక. క్రియ చివర్లో ఒక ముక్క మారితే ముద్దాయి మారిపోతాడు.

తెలుగులో 'కొను' భలే అందమైన సహాయం. వండుకోవడం, రాసుకోవడం, కట్టుకోవడం, ఎవరి పని వాళ్లు తమ కోసం చేసుకోవడం. అదే ముఖం దగ్గరికి వచ్చేసరికి నింద అవుతుంది. మాడ్చుకుంది, ముడుచుకుంది, గంటు పెట్టుకుంది, వేలాడేసుకుంది, తిప్పుకుంది. ఎవరూ బలవంతం చేయలేదు, తనే కావాలని చేసుకుంది అన్న సాక్ష్యం అందులోనే ఉంది. రెండో గట్టున 'పోవు' ఉంటుంది. తెల్లబోయాడు, వెలవెలబోయాడు, బిత్తరపోయాడు, మొహం పాలిపోయింది, వాడిపోయింది. ఇక్కడ ఎవరి తప్పూ లేదు. ఆకు వాడినట్టు, గోడకి రంగు వెలిసినట్టు, జరగాల్సింది జరిగిపోయింది.

కళ్ళెర్రజేయడం ఇంకా తమాషా. కంటి తెల్లగుడ్డు మీది సన్నటి రక్తనాళాలు మన మాట వినవు. కావాలని వాటిని ఉబ్బించి ఎర్రగా చేయడం ఎవరి తరమూ కాదు. అయినా భాష ఆ ఎరుపుని అతని చేతల జాబితాలో రాసింది. ఎందుకంటే కళ్ళెర్రజేయడం అన్న మాటలో బెదిరింపు ఉంది, బెదిరింపుకి కర్త కావాలి. నిద్ర లేకపోయినా, ఏడ్చినా అవే రక్తనాళాలు అలాగే ఎర్రనౌతాయి. అప్పుడు మాత్రం "కళ్ళు ఎర్రబడ్డాయి" అంటాం. శరీరానికి ఈ తేడా తెలియదు, తెలుగుకి తెలుసు.

నాకూ ఒక పాత కక్ష ఉంది ఈ విషయంలో, దాచుకోవడం దేనికి! ఆరో తరగతిలో నల్లబల్ల మీది అక్షరాలు నాకు అలికేసినట్టు కనిపించేవి. కళ్ళు చిట్లించి చూస్తే కాస్త తేటపడేవి. రెప్పలు దగ్గరైతే కాంతి సన్నటి సందులోంచే లోపలికి పోతుంది, మసక తగ్గుతుంది. కాగితానికి సూదిబెజ్జమంత చిల్లు పెట్టి అందులోంచి చూస్తే దూరపువి స్పష్టంగా కనిపించేదీ ఇందుకే. ఆ సూత్రం నాకప్పుడు తెలియదు, అలవాటుగా చిట్లించేదాన్ని. ఒకరోజు టీచరు నన్ను లేపి, "నేను పాఠం చెబుతుంటే మొహం చిట్లిస్తావేం? అంత విసుగ్గా ఉంటే బయటికి పో" అన్నారు. పోయాను. గుమ్మం బయట నిలబడి కూడా చిట్లిస్తూనే ఉన్నాను, అక్కణ్ణించి బల్ల ఇంకా దూరం కదా.

నేను చిట్లించింది కళ్ళు, ఆవిడ చూసింది మొహం. రెండింటికీ ఒకే క్రియ. కళ్ళజోడు వచ్చేసరికి ఇంకో ఏడాది పట్టింది. ఆ ఏడాది పొడుగునా నా పేరు పక్కన 'పొగరు' అన్న మాట ఉండిపోయింది.

కనుబొమల్ని దగ్గరికి లాగి, కిందికి దించి, నొసటి మధ్య నిలువు గీతలు తెచ్చే చిన్న కండరం ఒకటుంది. చార్లెస్ డార్విన్ 1872లో కవళికల మీద రాసినప్పుడు దీని గురించి మంచి మాట చెప్పాడు. మనిషి ఎంత లోతుగా ఆలోచిస్తున్నా నుదురు నున్నగానే ఉండొచ్చు, ఆలోచనకి ఏదో అడ్డం తగిలినప్పుడే బొమలు ముడిపడతాయి అని ఆయన గమనించాడు. అంటే ఆ ముడి వెనక కోపం ఉండొచ్చు, చిక్కులెక్క ఉండొచ్చు, ఎదురెండ ఉండొచ్చు, కనిపించని అక్షరం ఉండొచ్చు. "భృకుటి ముడిపడింది" అన్న మాట చదివితే ఆయన ఆలోచిస్తున్నాడో, మండిపడుతున్నాడో తర్వాతి వాక్యం చదివితే గానీ తేలదు. ఆ మేరకు భృకుటి నిజాయితీ గల మాట. 'చిట్లించాడు' అలా ఆగదు, వెంటనే తీర్పు చెప్పేస్తుంది.

తీర్పు అన్నాక హోదా లేకుండా ఎలా ఉంటుంది? నోరు అనడానికీ మూతి అనడానికీ ఉన్న దూరం చూడండి. మూతి కుండకి ఉంటుంది, సీసాకి ఉంటుంది, కోతికి ఉంటుంది. మనిషికి మూతి వచ్చేది మనకి అతని మీద గౌరవం పోయినప్పుడే. కళ్ళూ అంతే. ప్రేమగా చూసేవి కళ్ళు, ఉరిమేవీ మిటకరించేవీ అప్పగించేవీ గుడ్లు. ముఖానికి మోము అన్న మాట కూడా ఉంది గానీ, అది వికసించడానికి, వెలగడానికి మాత్రమే పనికొస్తుంది. "మోము మాడ్చుకుంది" అంటే పక్కవాళ్లు నవ్వుతారు. అవయవం పేరు ఎంచుకున్నప్పుడే సగం తీర్పు రాసేశాం, క్రియ వచ్చి సంతకం పెడుతుంది.

ఇక మూతి ఎవరెవరికి ఉందో లెక్క తీయండి. మూతి విరిచింది, మూతి ముడిచింది, మూతి మూడు వంకర్లు తిప్పింది. ఈ వాక్యాల్లో కర్త ఎక్కువగా ఆడవాళ్లో పిల్లలో అయ్యుంటారు. ఇంటికి పెద్దాయన అవే పెదాలు అలాగే బిగించి కూర్చుంటే "గంభీరంగా ఉన్నారు", మరీ అయితే "ముభావంగా ఉన్నారు". ఇది నా అనుమానమేనేమో అనుకునేదాన్ని. మొన్నామధ్య ఆఫీసులో ఒక వీడియో మీటింగు జరిగింది. అందరి ముఖాలూ ఒకే తెరమీద, ఒకే సైజులో, గళ్లల్లో. మా పై అధికారి బొమలు ముడిచి చూస్తున్నారు, నేనూ అలాగే చూస్తున్నాను. మాట తెగితెగి వస్తోంది, ఇద్దరికీ సరిగా వినబడటం లేదు, అంతే సంగతి. మీటింగు అయ్యాక ఒక సహోద్యోగి అన్నాడు: "సార్ చాలా సీరియస్‌గా ఆలోచించారండీ. మీరే, మొహం అదోలా పెట్టారు. నచ్చలేదా?"

అదోలా! తెలుగులో ఇంతకన్నా తప్పించుకునే మాట ఉందా? ఎలా అని అడిగితే చెప్పలేడు, కానీ తప్పు మాత్రం నాది. పైగా 'పెట్టారు'. తెచ్చి పెట్టానట, కుర్చీ తెచ్చి పెట్టినట్టు.

ముఖం దానంతట అది ఏమీ చెప్పదా మరి అని అడగొచ్చు. చెబుతుంది, ముఖ్యంగా రంగు విషయంలో. హఠాత్తుగా భయం వేస్తే చర్మంలోని రక్తనాళాలు కుంచించుకుపోతాయి, ముఖం పాలిపోతుంది. "మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు" అన్న మాట వింటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఏ శరీరశాస్త్ర పాఠమూ ఇంత పొదుపుగా చెప్పలేదు. ఇది నటించడం కష్టం, అందుకే ఈ మాటలో నింద లేదు. నాట్యశాస్త్రం కనుబొమలకి ఏడు కదలికలు చెప్పి ఊరుకోకుండా, ముఖానికి నాలుగు రంగులు కూడా చెప్పింది: స్వాభావికం, ప్రసన్నం, రక్తం, శ్యామం. మన వాడుకలోనూ ముఖం కళకళలాడుతుంది, ఎర్రబడుతుంది, నల్లబడుతుంది.

ఎరుపు దగ్గర మళ్లీ మనిషి జోక్యం మొదలవుతుంది. కోపానికీ సిగ్గుకీ ముఖంలోకి వచ్చేది అదే నెత్తురు. మనం మాత్రం ఒకరి బుగ్గలు కెంపెక్కాయని, ఇంకొకరి మొహం జేవురించిందని అంటాం. ఒకటి రత్నం, ఒకటి జేవురు రాయి. పైగా ముదురు చాయ ముఖాల్లో ఆ ఎరుపు బయటికి అంతగా కనిపించదు, వేడి మాత్రం అంతే ఉంటుంది. అయినా కథల్లో అందరి ముఖాలూ జేవురిస్తూనే ఉంటాయి. అలా రాసినవాళ్లు ఎరుపు చూసి రాయలేదు, కోపం వచ్చి ఉంటుందని తెలిసి రాశారు. "మొహం కందగడ్డలా చేసుకున్నాడు" అన్నప్పుడైతే, అదుపులో లేని రంగు మీద కూడా 'చేసుకున్నాడు' అని నేరం మోపేశాం.

సైజు గురించి ఒక చిన్న ముచ్చట. తెలుగు ముఖం దుఃఖంలో చిన్నదవుతుంది, సంతోషంలో చేటంత అవుతుంది. ఇంగ్లీషువాళ్లకి బాధలో ముఖం పొడవవుతుంది. నవ్వే కండరం పెదాల కొనల్ని పక్కలకీ పైకీ లాగుతుంది, బుగ్గలు ఉబ్బుతాయి. కాబట్టి చేటంత అనడంలో పెద్ద అతిశయోక్తేం లేదు. అనువాదాల్లో ఈమధ్య కనిపిస్తున్న "పొడవాటి ముఖంతో" అన్న మాట చదివితే నాకు గుర్రమే గుర్తొస్తుంది.

నవ్వు సంగతి చెప్పాలంటే "అతని నవ్వు కళ్ళ దాకా రాలేదు" అన్న వాక్యం కూడా ఇప్పుడు తెలుగు కథల్లో తెగ తిరుగుతోంది. అరువు సొమ్మే అయినా దాని వెనక నిజం ఉంది. ఫ్రెంచి వైద్యుడు డ్యుషెన్ ముఖ కండరాలకి విద్యుత్తు తగిలించి, ఫోటోలు తీయించి, 1862లో ప్రచురించాడు. పెదాల కొనలు లేపే కండరం మన ఇష్టానికి లొంగుతుంది, కంటి చుట్టూ ఉండే కండరం నిజమైన ఆనందంలోనే కదులుతుంది అని ఆయన వాదన. కావాలని కంటి ముడతలు తెచ్చుకోగలిగేవాళ్లూ ఉన్నారని తర్వాతి పరిశోధకులు చూపించారు, అది వేరే సంగతి. నాకు నచ్చేదేంటంటే, దొంగనవ్వుని పట్టడానికి తెలుగు కళ్ళ దగ్గర ఆగలేదు, ఇంకా పైకి పోయింది. "నోటితో పలకరించి నొసటితో వెక్కిరించడం." నోరు మన చేతిలో ఉంది, నొసలు మన పట్టు తప్పుతుంది. ఇంకో మాట, "నవ్వు పులుముకున్నాడు." పులమడం అంటే లోపలున్నదాన్ని కప్పేలా పైపైన రాయడం. ఇక్కడ కూడా 'కొను' ఉంది గమనించారా? కానీ ఈ నిందని నేను ఒప్పుకుంటాను. మూతి ముడుచుకోవడం కావాలని చేశారో లేదో తెలియదు, నవ్వు పులుముకోవడం మాత్రం ఊరికే జరిగిపోదు. అయితే పులుముకున్న ప్రతివాడూ మోసగాడేం కాదు. పొద్దుట్నించి సాయంత్రం దాకా అలా పులుముకోవడమే ఉద్యోగమైనవాళ్లు ఎంతమంది లేరు!

కవళికలు ప్రపంచమంతా ఒక్కటే కదా, ఇందులో చూసేవాళ్ల తీర్పు ఎక్కడిది అని ఒక స్నేహితురాలు వాదించింది. ఆవిడ చెప్పేది అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఎక్మన్ వాదం. 1960ల చివర్లో ఆయన పపువా న్యూగినీలోని ఫోరే ప్రజలకి చిన్న కథలు చెప్పి, వాటికి తగిన ముఖాన్ని ఫోటోల్లోంచి ఎంచుకోమన్నాడు. చాలావరకు సరిగానే ఎంచుకున్నారు. ముందే కొన్ని జవాబులిచ్చి వాటిలోంచి ఒకటి ఎంచుకోమంటే ఒప్పందం పెరగక ఏమవుతుందని తర్వాత విమర్శలు వచ్చాయి. ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త లీసా ఫెల్డ్‌మన్ బారెట్ మరి నలుగురితో కలిసి 2019లో అప్పటిదాకా వచ్చిన ఎన్నో పరిశోధనలు తిరగేసి, కోపం వచ్చినవాళ్లు ప్రతిసారీ బొమలు ముడవరనీ, ముడిచినవాళ్లందరికీ కోపం ఉండదనీ తేల్చింది. ఆరో తరగతి గుమ్మం బయట నిలబడ్డ పిల్లకి ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది.

ఎక్మన్‌ని నేను తీసిపారేయను. ఆయన, సహ పరిశోధకుడు ఫ్రీసెన్ కలిసి 1978లో ముఖ కదలికలన్నింటికీ నంబర్లు ఇచ్చారు. బొమలు కిందికి దిగితే 4, పెదాల కొనలు పైకి లేస్తే 12. ఆ పద్ధతిలో 4 అంటే కోపం అని ఉండదు, బొమలు దిగాయి అనే ఉంటుంది. ఎంత మర్యాద! మనలో ఎవరికీ లేని మర్యాద అది. 4వ నంబరు కదలికని నా టీచరు పొగరనుకున్నారు, సహోద్యోగి అయిష్టమనుకున్నాడు, ఇంట్లో అయితే అది చిరాకు.

ఇప్పుడు ఈ పని యంత్రాలకి కూడా అప్పజెప్పాం. కెమెరా ముఖాన్ని చూసి, ఈ మనిషికి కోపంగా ఉంది, ఈ విద్యార్థికి విసుగ్గా ఉంది అని చెప్పే సాఫ్ట్‌వేర్లు అమ్ముతున్నారు. ఐరోపా సమాఖ్య తన కృత్రిమ మేధ చట్టం కింద, పనిచేసే చోట్లా విద్యాసంస్థల్లోనూ మనుషుల భావాలని ఇలా ఊహించే వ్యవస్థల్ని 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించింది, వైద్య, భద్రతా అవసరాలకి మినహాయింపు ఇచ్చి. సరైన పనే అంటాను. బొమలు దిగాయని యంత్రం చెప్పగలదు. ముడుచుకున్నాడా, ముడిపడ్డాయా అన్నది ముఖం మీద రాసి ఉండదు. టీచరు కోపం సాయంత్రానికి చల్లారుతుంది, యంత్రం రాసుకున్నది చల్లారదు.

అసలు ముఖమే లేనివాటికి కూడా ఈ జాతీయాలు వాడతాం. "మార్కెట్ వర్గాలు పెదవి విరిచాయి" అని పత్రికలు రాస్తాయి. వర్గాలకి పెదవులెక్కడివి? వానలు మొహం చాటేస్తాయి. ఎవరూ ఏ మొహమూ చూడలేదు, అయినా తీర్పు నిక్షేపంగా వినిపించింది. మొహం చెల్లక ఇంట్లో కూర్చున్నవాడి ముఖంలో ఏ కవళిక ఉందో ఆ మాట చెప్పదు, మొహం వాచిపోయినవాడి బుగ్గలు వాచి ఉండవు. ముఖం ఈ మాటల్లో ఒక చిరునామా మాత్రమే.

ఇంత చెప్పాక నా సిద్ధాంతానికి లొంగని ముక్క ఒకటి మిగిలిపోయింది, అది కూడా ఒప్పుకోవాలి. ఆశ్చర్యంతో నోరు తెరుచుకోవడం ఎవరి చేతుల్లోనూ ఉండదు. 'పోవు' గట్టున ఉండాల్సిన పని అది. కానీ మనం "నోరు వెళ్ళబెట్టాడు" అంటాం. వెళ్ళబెట్టడం కావాలని చేసే పని. కళ్ళు తేలేయడం కూడా అంతే, ఏమీ చేయలేక నిస్సహాయంగా నిలబడినవాణ్ణి పట్టుకుని ఏదో చేశాడన్నట్టు 'తేలేశాడు' అంటాం. బెదిరింపు లేదు, అలక లేదు, నటన లేదు. మరి ఈ నింద దేనికి? నవ్వుకోవడానికని నా ఊహ. నోరు వెళ్ళబెట్టినవాణ్ణి చూసి మనకి కోపం రాదు, ఇకిలింపు వస్తుంది. ఇది వాదనని అతికించడంలా ఉందని నాకే అనిపించి, ఇంట్లో ఉన్న వ్యాకరణవేత్తని పిలిచి అడిగాను.

అది కాసేపు అద్దం ముందు నిలబడి నోరు తెరిచి మూసి చూసుకుంది. "తెరుచుకునేది అదేనమ్మా" అంది. "కానీ మూయకుండా అలాగే ఉంచేది మాత్రం వాడే."